నిన్నటిదాకా లేని మెల్ల

నిన్నటిదాకా రెండు కళ్లతో తిన్నగా చూసిన పిల్లకు ఇవాళ ఒక కన్ను ముక్కువైపు తిరిగితే, అది కళ్లజోడుతో తేలిపోయే సంగతని ఇంట్లో కూర్చుని తీర్మానించకూడదు. పరీక్షలు అయిపోనివ్వమనో, పెద్దయితే అదే సర్దుకుంటుందనో, మెల్ల ఉంటే అదృష్టమనో గడిపే ఒక్కో వారం మెదడులోని గడ్డకో, చేరుతున్న నీటికో, క్షయకో మనం చేజేతులా ఇచ్చే గడువు. ఈ హెచ్చరిక తల్లిదండ్రులకే కాదు. బడిలో టీచర్లకు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు, పల్లెలో అందరికంటే ముందు నాడి చూసే ఆర్‌ఎంపీలకు, అద్దాల షాపులో నంబరు తేల్చేవారికి కూడా.

ముందు భయాన్ని దాని హద్దులో ఉంచుదాం. పిల్లల్లో కనిపించే మెల్లల్లో చాలా భాగం మెదడు జబ్బు వల్ల వచ్చేవి కావు. రెండు మూడేళ్ల వయసులో ప్లస్ పవర్ ఎక్కువగా ఉండి కన్ను లోపలికి తిరిగే పిల్లలు ఎందరో అద్దాలతో చక్కబడుతున్నారు. పుట్టిన మూడు నాలుగు నెలలదాకా పసిబిడ్డ చూపు అప్పుడప్పుడు చెదరడం మామూలే. ముక్కుదూలం వెడల్పుగా ఉన్న పిల్లల్లో మెల్ల లేకున్నా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఇది ఏ మెల్లో తేల్చాల్సింది కంటి డాక్టరు, పక్కింటివాళ్లు కాదు. నాలుగు నెలలు దాటినా చూపు చెదురుతుంటే, లేదా ఏ వయసులోనైనా కన్ను ఎప్పుడూ ఒక పక్కకే ఉంటే చూపించి తీరాలి. కనుపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మరీ ఆగకూడదు. కంటిలోపల వచ్చే క్యాన్సర్‌కు ఆ తెల్లదనం మొదటి గుర్తయితే, మెల్ల రెండోది.

మెదడు జబ్బు కంట్లో ఎందుకు బయటపడుతుంది? ఒక్కో కంటిని తిప్పడానికి ఆరు కండరాలున్నాయి. మెదడు నుంచి వచ్చే 12 జతల నరాల్లో మూడు జతలు, అంటే మూడోది, నాలుగోది, ఆరోది, ఈ కండరాలను నడుపుతాయి. వాటి మొదళ్లు మెదడు కాండంలో ఉంటాయి. రెండు కళ్లూ తడబడకుండా కలిసి కదిలేలా చూసేది చిన్నమెదడు. ఎటు చూడాలో ఆజ్ఞ పంపేది పైమెదడు. మెదడు అడుగు నుంచి నడినెత్తి దాకా ఎక్కడ దెబ్బ తగిలినా కంటి కదలికలో తేడా రావడానికి దారి ఉందన్నమాట. చెయ్యి మొద్దుబారిందనో, మాట తడబడుతోందనో పెద్దవాళ్లు నోటితో చెప్పుకుంటారు. రెండేళ్ల బిడ్డ చెప్పలేదు కాబట్టి చూసేవాళ్లే పట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు ఆరో నరం గురించి చెప్పాలి. దాని పని ఒక్కటే, కన్నును చెవివైపుకు తిప్పడం. మెదడు కాండం దగ్గర బయల్దేరి, పుర్రె అడుగు ఎముక వెంట పైకెక్కి, ఒక ఎముక అంచు మీదుగా వంగి కంటిగూట్లోకి చేరుతుంది. పుర్రెలో ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా సాగి దెబ్బతినే నరాల్లో ఇదొకటి. గడ్డ ఎక్కడో ఉంటుంది, పడిపోయేది ఈ నరం. అప్పుడు కన్ను బయటికి తిరగక ముక్కువైపే నిలబడిపోతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఆ మాట చెప్పడం చిన్నపిల్లలకు తెలియదు. టీవీ చూస్తూ ఒక కన్ను చేత్తో మూసుకుంటారు. ముఖం పక్కకు తిప్పి, మెడ వంచి చూస్తారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెడతారు. మనం దానికి పెట్టే పేర్లు మారాం, సెల్‌ఫోను పిచ్చి, మెడ పట్టడం. దీనితోపాటు పొద్దున లేస్తూనే తలనొప్పి, ఒక వాంతి, ఆ తర్వాత తేలికపడి బడికి పోవడం కూడా ఉంటే అది పైత్యం కాదు, అల్లం రసంతో తగ్గేది కాదు. పడుకున్నప్పుడు పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే ఆ బాధ తెల్లవారుజామున ఎక్కువ. ఇలా వారాల తరబడి పొద్దుటి వాంతులకు గ్యాస్ మందు వాడుతున్న పిల్లవాడికి ఒక రోజు కన్ను తిరిగితే ఆ కుటుంబం బయల్దేరాల్సింది పెద్దాసుపత్రికి. అదీ ఆ రోజే.

పిల్లల క్యాన్సర్లలో రక్తక్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేవి మెదడు గడ్డలే. వాటిలో చాలా భాగం తల వెనక కిందిభాగంలో, చిన్నమెదడు దగ్గర పుడతాయి. అందుకే తూలి నడవడం, మెడ ఒక పక్కకు వంచి ఉంచడం, కళ్లు అదరడం వీటి తొలి గుర్తులు. ఇక్కడి గడ్డల్లో కొన్నింటిని పూర్తిగా తీసేస్తే నయమవుతుంది. ఇంకొన్నింటికి ఆపరేషన్ తర్వాత రేడియేషన్, కీమో అవసరమైనా మంచి కేంద్రాల్లో వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. ముందే కనిపెట్టినా లొంగనిది కూడా ఒకటుందని దాచకుండా చెప్పాలి. మెదడు కాండమంతా పాకే ఆ గడ్డ ఎక్కువగా 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు వస్తుంది. రేడియేషన్‌తో కొన్ని నెలల ఊరట దొరుకుతుంది, అంతే. ఆ ఒక్కదాన్ని చూపించి మిగతా అన్నిటి విషయంలో చేతులు ముడుచుకోవడం పిల్లలకు అన్యాయం.

ఇక్కడే మన కంటి పరీక్షల గురించి గట్టిగా మాట్లాడాలి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అదే పేరుతో బడి పిల్లల దగ్గరే పరీక్షలు ప్రారంభించారు. లక్షల కళ్లకు అద్దాలు అందాయి, అది మంచి పని. కానీ బడిలో పరీక్ష అంటే చాలాచోట్ల గోడకు అక్షరాల పట్టిక తగిలించి, ఒక కన్ను మూసి చదివించడమే. ఆరో నరం పడిపోయిన పిల్ల ఆ పట్టికలోని ఆఖరి వరుస కూడా తప్పులేకుండా చదవగలదు. ఒక్కో కన్నుతో చదివినప్పుడు చూపు నిక్షేపంగా ఉంటుంది, పాడైంది కదలిక. ఆ పిల్ల కార్డు మీద ‘మామూలే’ అని రాసి పంపుతారు, అమ్మానాన్న గుండె మీద చెయ్యి వేసుకుని పడుకుంటారు. పెన్ను కొనను పిల్ల ముఖం ముందు అటూ ఇటూ, పైకీ కిందికీ కదిపి, రెండు గుడ్లూ కలిసి వస్తున్నాయో లేదో చూడటానికి అర నిమిషం చాలు. దానికి యంత్రం అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

అద్దాల షాపులకు కూడా ఒక మాట. తలనొప్పి అంటూ వచ్చిన పిల్లకు కంప్యూటర్ మీద గడ్డం పెట్టించి నంబరు తీసి ఫ్రేము చూపించి పంపడం పరీక్ష కాదు. కళ్లలో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక డాక్టరు లోపలి నరం మొదలును చూడాలి. పుర్రెలో ఒత్తిడి పెరిగితే ఆ మొదలు ఉబ్బుతుంది. తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఇది: ‘చుక్కలు వేసి కంటి వెనక నరం చూశారా, డాక్టరుగారూ?’ అడగడానికి మొహమాటపడకండి.

మన దగ్గర కన్ను తిరిగిన పిల్లల్లో టీబీని మరిచిపోవడం ప్రాణాంతకమైన తప్పు. మెదడు పొరలకు క్షయ సోకితే చీము, వాపు మెదడు అడుగున, సరిగ్గా ఈ నరాలు నడిచేచోటే పేరుకుంటాయి. ముందు రెండు మూడు వారాలు జబ్బు మెల్లగా నడుస్తుంది. సన్నటి జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, ఆడుకునే పిల్ల ఒడి దిగకపోవడం, చిరాకు, వాంతులు. జ్వరం మందు మారుస్తూ ఉంటారు. ఆ తర్వాత కన్ను తిరుగుతుంది, మగత మొదలవుతుంది. తెలివి ఉండగా మందులు మొదలైతే చాలామంది కోలుకుంటారు. స్పృహ తప్పాక మొదలైతే బతికినా చూపో, వినికిడో, కాలో చెయ్యో పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో తాతకో, మేనమామకో వారాల తరబడి దగ్గు ఉంటే ఆ మాట డాక్టరు అడగకపోయినా చెప్పండి. బీసీజీ వేయించాం కదా అని నిశ్చింత పడకండి, అది ముప్పును తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల టీబీ అని తేలితే అయిదేళ్లలోపు పిల్లలకు ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. సర్కారు దవాఖానాలో ఉచితంగా దొరికే ఆ మందును అడిగి తీసుకోవాలి.

ఈ జబ్బు తేల్చాలంటే వెన్నులో నీరు తీసి పరీక్షించాలి. అది వినగానే సంతకం పెట్టకుండా బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వెళ్లిపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయనే భయం మన పల్లెల్లో బలంగా పాతుకుంది. వెన్నుపాము ఆగిపోయిన చోటుకు దిగువన సూది వేస్తారు, అక్కడ దెబ్బతినడానికి వెన్నుపాము ఉండదు. ఒత్తిడి లక్షణాలు ఉంటే ముందు స్కాన్ చేసి, ప్రమాదం లేదనుకున్నాకే నీరు తీస్తారు. ఆ తర్వాత కాళ్లు పడిపోయిన పిల్లల కథలు మనం విని ఉంటే, వాళ్లకు ఆ గతి పట్టించింది సూది కాదు, ఆ పరీక్షకు కారణమైన జబ్బు.

చెవి కారే పిల్లల సంగతి కూడా ఇక్కడే. చెవిలో చీము మనకు ఎంత అలవాటంటే దాన్ని జబ్బుగానే లెక్కపెట్టం, దూది పెట్టి వదిలేస్తాం. ఆ చీము లోపలి ఎముక కొసదాకా పాకితే పక్కనే నడిచే ఆరో నరాన్ని పట్టుకుంటుంది. చెవి కారడం, అదే వైపు కంటి వెనకో, చెంపలోనో విపరీతమైన నొప్పి, అదే వైపు కన్ను బయటికి తిరగకపోవడం, ఈ మూడూ కలిస్తే దాన్ని గ్రాడెనిగో లక్షణమంటారు. గ్రాడెనిగో అనే ఇటలీ వైద్యుడు దీని గురించి 1904లోనే రాసి పెట్టినా, చెవికి చుక్కలు, కంటికి చుక్కలు విడివిడిగా వేసి పంపడం ఇంకా జరుగుతూనే ఉంది.

ఏడాదిలోపు పసిబిడ్డల్లో చూడాల్సింది వేరు. నల్లగుడ్డు కిందికి దిగిపోయి, పై రెప్ప కింద తెల్లగుడ్డు కనిపిస్తూ, ఎంత ఆశ చూపినా బిడ్డ పైకి చూడలేకపోతుంటే మెదడులో నీరు చేరుతోందని అనుమానించాలి. వైద్యులు దీన్ని అస్తమిస్తున్న సూర్యుడితో పోలుస్తారు. మాడు ఉబ్బి గట్టిగా తగలడం, తల త్వరత్వరగా పెరగడం, నుదుటి మీద నరాలు తేలడం దాని తోబుట్టువులు. నెలలు నిండకుండా పుట్టి మెదడులో రక్తస్రావమైన పిల్లలకు, మెదడువాపు వచ్చి తగ్గిన పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. తల పెద్దగా ఉంటే తాత పోలిక అనే ముందు ఏఎన్‌ఎం చేతిలోని టేపుతో కొలిపించి, నెలనెలా ఆ అంకెను తల్లీబిడ్డల కార్డులో రాయించండి. ఇప్పటికే నీరు పోవడానికి గొట్టం వేసిన పిల్లలైతే మరింత జాగ్రత్త. ఆ గొట్టం ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. గొట్టం ఉన్న పిల్లకు వాంతులు, మగత, కన్ను తిరగడం, చూపు కిందికి దిగడం వస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇక ఎక్కువమంది వైద్యులకు కూడా జీవితంలో ఒకటి రెండు సార్లకు మించి ఎదురుకాని ఒక జబ్బు గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసినవాళ్లకు తెలియకపోతే బిడ్డ భవిష్యత్తే మారిపోతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ. నడక వచ్చేసింది. ఒక జలుబు తర్వాత ఉన్నట్టుండి తూలుతుంది, రెండు రోజుల్లో నిలబడలేకపోతుంది. ఒళ్లంతా ఉలికిపడుతుంది. రాత్రీ పగలూ ఏడుపు, నిద్ర ఉండదు. కళ్లు మాత్రం ఏ వరసా లేకుండా అన్ని దిక్కులకూ చిందులేస్తుంటాయి, అదీ విడతలు విడతలుగా. గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. ఆసుపత్రికి వెళితే ఫిట్స్ అంటారు, లేదా వైరస్ తర్వాత వచ్చే తూలుడు, అదే తగ్గుతుందంటారు. మార్సెల్ కిన్స్‌బోర్న్ అనే పిల్లల నరాల వైద్యుడు 1962లో ఇలాంటి ఆరుగురు పిల్లల గురించి రాశారు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికి మెదడులో కాదు, కడుపులోనో ఛాతీలోనో న్యూరోబ్లాస్టోమా అనే చిన్న గడ్డ దాగి ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న రక్షణ కణాలు పొరబడి చిన్నమెదడు మీద పడతాయి. తల స్కాన్ మామూలుగా వస్తుంది, అక్కడితో వెతుకులాట ఆగిపోతుంది! తలలో ఏమీ లేదంటే కడుపు, ఛాతీ చూడాలి. గడ్డను తీయాలి, రోగనిరోధకతను అదుపులో పెట్టే మందులు త్వరగా మొదలుపెట్టాలి. ఆలస్యమైన పిల్లల్లో నడక తిరిగివచ్చినా చదువు, మాట, ప్రవర్తన దెబ్బతినే ముప్పు మిగిలిపోతుంది. ఇంట్లో కళ్లు చిందులేస్తున్నప్పుడు ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఇక్కడ పెద్ద సాక్ష్యం. డాక్టరు ముందు ఆ కళ్లు నిలకడగా ఉండవచ్చు.

కనుగుడ్లు అటూ ఇటూ ఊగిసలాడటం ఆరు నెలల లోపే మొదలైతే చాలాసార్లు చూపు లోపం వల్ల, పుట్టుకతో వచ్చిన శుక్లం వల్ల, లేదా వంశపారంపర్యంగా రావచ్చు. అది కూడా వదిలేసేది కాదు. కొంతమంది పసివాళ్లు కళ్లు అదరడంతోపాటు తల ఊపుతారు, మెడ వంచుతారు. చాలామందిలో అది ప్రమాదం లేనిదై మెల్లగా తగ్గిపోతుంది. కాని కంటి నరాల మీద పెరిగే గడ్డ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది కాబట్టి ఎమ్మారై తీయకుండా ధైర్యం చెప్పకూడదు. ఒంటి మీద పాల కాఫీ రంగు మచ్చలు చాలా ఉంటే ఆ గడ్డ ఉండే అవకాశం మరింత పెరుగుతుంది.

ఒక కంటి రెప్ప వాలి, కన్ను కిందికీ బయటికీ తిరిగి, కనుపాప రెండో దానికంటే పెద్దదైతే అది మూడో నరం, అత్యవసరం. రెప్ప పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతుంటే అది కండరాల బలహీనత జబ్బు కావచ్చు, దానికి మందులున్నాయి.

మేనరికం సంబంధాలు ఎక్కువగా ఉన్న మన రాష్ట్రాల్లో ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తల్లీతండ్రీ ఇద్దరిలో దాగిన ఒకే లోపం బిడ్డలో బయటపడే జబ్బులు ఇలాంటి కుటుంబాల్లో ఎక్కువ. వాటిలో కొన్నింటికి తొలి గుర్తు కంటి కదలికే. బడిలో వెనకబడుతూ, నడకలో తూలుతూ, మెట్లు దిగేటప్పుడు చూపు కిందికి దించలేక తల వంచుకునే పిల్లకు నీమన్-పిక్ సి రకం జబ్బు ఉండవచ్చు. గౌషే జబ్బు మూడో రకంలో పక్కలకు చూపు తిప్పడం కష్టమై తల విసురుగా తిప్పుతారు. మొద్దు అని కొట్టే ముందు ఆ పిల్ల కళ్లు చూడండి. నీమన్-పిక్‌ను పూర్తిగా నయం చేయలేకున్నా నెమ్మదింపజేసే మందు ఉంది. తర్వాతి కాన్పుకు ముందు తెలుసుకోవాల్సిన సంగతులూ ఉన్నాయి.

మందుల వల్ల వచ్చేవీ ఉన్నాయి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇచ్చిన కొన్ని గంటల్లో పిల్ల కళ్లు పైకి తేలేసి, మెడ వెనక్కి విరుచుకుంటే అది ఫిట్స్ కాకపోవచ్చు, దయ్యం అసలే కాదు. మందు పేరు చెబితే ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు, నిమిషాల్లో తగ్గుతుంది. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడే పిల్లకు కళ్లు అదురుతూ తూలుడు వస్తే మోతాదు ఎక్కువైందేమో చూపించాలి. సొంతంగా మాత్ర ఆపేయకూడదు, ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి.

చెబితే జనం భయపడతారు, ఆసుపత్రులు కిక్కిరుస్తాయి అనేవాళ్లున్నారు. బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ పేరుతో పిల్లల మెదడు గడ్డల గుర్తులను వయసులవారీగా కార్డుల మీద అచ్చేసి తల్లిదండ్రులకు, డాక్టర్లకు పంచారు. కంటి కదలికలో తేడా ఆ గుర్తుల్లో ఒకటి. అంతకుముందు మొదటి లక్షణం నుంచి జబ్బు తేలడానికి సగటున 14 వారాలకు పైగా పట్టేది. కొన్నేళ్లలో అది 7 వారాల లోపుకు దిగింది. తెలుగులో అలాంటి కార్డు ఒకటి ప్రతి అంగన్‌వాడీ గోడ మీద, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలని మేం రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. ఆ సందర్శనలో పెన్నుతో చేసే కదలిక పరీక్ష తప్పనిసరి కావాలి. పంపే చీటీ మీద ‘కంటి డాక్టరుకు చూపించండి’ అని రాస్తే సరిపోదు, ‘ఈ రోజే’ అనో ‘ఈ నెలలో’ అనో తేడా కనబడాలి. కొత్తగా వచ్చిన మెల్లకు జిల్లా ఆసుపత్రిలో వరసలో ఆగకుండా స్కాన్ దొరకాలి. అదీ వీలైతే ఎమ్మారై, ఎందుకంటే తల వెనక అడుగుభాగంలోని చిన్న గడ్డలు మామూలు సీటీలో తప్పిపోతాయి.

ఇంట్లో చేయాల్సినవి ఇవి. కొత్తగా మెల్ల వచ్చి, దాంతో తలనొప్పి, వాంతి, జ్వరం, మగత, తూలుడు, రెప్ప వాలడం, తలకు దెబ్బ, చెవి చీము ఏదున్నా ఆ రోజే పెద్దాసుపత్రి, రాత్రయితే 108. వేరే ఏమీ లేకుండా కన్ను మాత్రమే తిరిగితే ఒకటి రెండు రోజుల్లో కంటి డాక్టరు. ఎప్పటి నుంచో తేలకపోతే ఫోనులో పాత ఫొటోలు వెతకండి. పుట్టినరోజు ఫొటోలో తిన్నగా ఉన్న కన్ను పోయిన నెల పెళ్లి ఫొటోలో తిరిగి ఉంటే డాక్టరుకు కావలసిన తేదీ దొరికినట్టే. మెదడు ఆపరేషన్లు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో ఉన్నాయి, కాబట్టి ఖర్చుకు భయపడి ఇంట్లో ఆగిపోకండి. కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, ఖాళీ సీసాలు, ఫోనులోని వీడియో, పాత ఫొటోలు, టీకాల కార్డు తీసుకెళ్లండి. దారిలో ఎవరైనా నిద్రమందో, వాంతుల ఇంజెక్షనో ఇచ్చి ఉంటే దాని పేరు, వేసిన సమయం ఒక కాగితం మీద రాయించుకోండి.